అద్దం సంగతి తేలాకే తెర
అద్దాల భవనాలకు పారదర్శక డిజిటల్ తెరల ఎంపికపై చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇక్కడ ఆర్కిటెక్టులు ఉన్నారు, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు ఉన్నారు, భవనాలు కట్టించేవాళ్లు ఉన్నారు, కట్టాక వాటిని నడిపేవాళ్లూ ఉన్నారు. అందరికీ కలిపి ఒకటే ప్రశ్న. తెరలు అమ్మే కంపెనీవాళ్లు వచ్చి మీ ముందు కేటలాగ్ పెట్టారు. పెద్ద అక్షరాలతో "పారదర్శకత 80 శాతం" అని ఉంది. ఆ ఎనభై దేనిలో ఎనభై? ఎవరైనా అడిగారా?

చాలామంది అడగరు. ఎనభై అంటే బాగానే ఉంది కదా అనుకుని కింది గడిలో ధర చూస్తారు. ఆ ఎనభై తెర ఒక్కదానిదే. మీ భవనం అద్దం అందులో లేదు. పైగా చాలాసార్లు అది మీటరు పెట్టి కొలిచింది కూడా కాదు. ఎల్‌ఈడీలు బిగించే పట్టీలు ఎంత, మధ్యలో ఖాళీ ఎంత అని డ్రాయింగ్ మీద లెక్కగట్టింది. ఇప్పుడు మీ భవనానికి ఎండను ఆపే కోటింగ్ ఉన్న డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పలకల అద్దం, ఉందనుకోండి. ఆ అద్దం బయటి వెలుతురులో 45 శాతమే లోపలికి వదులుతుంది. ఎనభైలో 45 శాతం ఎంత? 36. లోపల కుర్చీలో కూర్చున్న మనిషికి దక్కేది ముప్ఫయ్యారే. ఎనభై అని చెప్పి కొనిపించిన తెర వెనక ఆయన ముప్ఫయ్యారు శాతం వెలుతురులో కూర్చుంటాడు. ఆ తర్వాత ఫిర్యాదు రాస్తాడు. రాయడా మరి?

ఈ గంటలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎన్నో చెప్పినట్టు ఉంటుంది గానీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను. తెర, దాన్ని ఆనుకున్న అద్దం, వెనకున్న గది, ఆ పూట ఉన్న వెలుతురు... ఈ నాలుగూ కలిస్తేనే ఎంత కనిపిస్తుందో, ఏం కనిపిస్తుందో తేలుతుంది. ఈ నాలుగింట్లో అమ్మేవాడి చేతిలో ఉన్నది ఒక్కటి. మిగతా మూడూ మీ దగ్గరే ఉన్నాయి. అందుకే తెర గురించి ఆయన్ని అడిగేముందు అద్దం గురించి మిమ్మల్ని మీరు అడగండి.

ముందు మార్కెట్లో ఏమేం ఉన్నాయో త్వరగా చూసేద్దాం. ఇందులో సగం మీకు తెలిసినవే.

ఓఎల్‌ఈడీతో, అంటే వెనక దీపం లేకుండా ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెరతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. అమెరికాలో జరిగే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్‌లో 2024లో ఎల్‌జీ 77 అంగుళాల పారదర్శక ఓఎల్‌ఈడీ టీవీ చూపించింది. శాంసంగ్ అదే ప్రదర్శనలో పారదర్శక మైక్రో ఎల్‌ఈడీ పెట్టింది. వీడియోలు చూసి "మా ఎలివేషన్, భవనం ముఖం మొత్తం ఇలా కావాలి" అని నాకు ఫోన్లు వచ్చాయి. అందం విషయంలో వంక పెట్టలేం. కానీ 55 అంగుళాల పారదర్శక ఓఎల్‌ఈడీ ప్యానెల్ నుంచి వెలుతురు సుమారు 40 శాతమే దాటుతుంది. దాని వెలుగు గదికి సరిపోయేది, ఎండకి నిలిచేది కాదు. లోపలి పదార్థానికి తేమా వేడీ రెండూ పడవు. చైనాలో బీజింగ్, షెన్‌జెన్ మెట్రో రైళ్ల కిటికీల్లో ఈ 55 అంగుళాలవే పెట్టారు. అక్కడ బాగుంటుంది. మనిషి అడుగు దూరంలో ఉంటాడు, లోపల ఎండ లేదు. షోరూమ్ లోపల, లాబీలో, లిఫ్ట్ పక్కన పెట్టుకోండి. పది అంతస్తుల ముఖం మీద మాత్రం వద్దు.

పారదర్శక ఎల్‌సీడీ అంతకంటే కష్టం. అందులో పోలరైజర్లు, అంటే ఒకే దిశలో కంపించే వెలుతురునే దాటనిచ్చే పొరలు ఉంటాయి. వెలుతురులో సగానికి పైగా మొదటి పోలరైజరే మింగేస్తుంది. మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు రంగుల ఫిల్టర్ తినేస్తుంది. చివరికి దాటేది పదీ పదిహేను శాతం. వస్తువును లోపల దీపాలతో పెట్టి చూపించే గాజు పెట్టెలకు పనికొస్తుంది. భవనానికి కాదు. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ప్రొజెక్షన్ ఉంది. అద్దం మీద పీడీఎల్‌సీ ఫిల్మ్ వేస్తారు. కరెంటు ఇస్తే తేటగా ఉంటుంది, తీసేస్తే పాలలా తెల్లబడుతుంది, దాని మీద బొమ్మ వేస్తారు. ఎంత వెలుగు కావాలో ఒక లెక్క చెప్తాను, రాసుకోండి. నిట్ అంటే తెర ఎంత మెరుస్తుందో చెప్పే కొలత, ల్యూమెన్ అంటే ప్రొజెక్టర్ మొత్తం వెదజల్లే వెలుగుకి కొలత. 200 చదరపు మీటర్ల మీద 300 నిట్ల వెలుగు రావాలంటే దాదాపు లక్షా 90 వేల ల్యూమెన్లు కావాలి. అంటే 30 వేల ల్యూమెన్ల పెద్ద ప్రొజెక్టర్లు ఆరేడు. అదీ రాత్రికి. పగలు? పగలు మాట ఎత్తకండి. ఏడాదికి నాలుగు రాత్రులు కార్యక్రమం చేసుకునేవాళ్లకి ఇది చక్కటి దారి. రోజూ నడపాలనుకునేవాళ్లకి కాదు.

ఇక మిగిలింది ఎల్‌ఈడీ. భవనాల మీద నిజంగా పోటీ ఉన్నది ఇక్కడే. మూడు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, సన్నటి పట్టీలకు ఎల్‌ఈడీలు బిగించిన మెష్. అద్దం లోపలివైపు వేలాడదీస్తారు, లేదా బయట ఫ్రేముకు కడతారు. రెండు, అద్దానికి అంటించే ఫిల్మ్. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, వంపు అద్దానికి కూడా అంటుతుంది. మూడు, రెండు అద్దాల మధ్య ఎల్‌ఈడీలు పొదిగిన లామినేటెడ్ గ్లాస్. ఇది చూడ్డానికి అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది, వైర్లు కనిపించవు. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: అందులో దీపాలు పాడైతే బాగుచేయడానికి లేదు, అద్దం మొత్తం మార్చాలి. క్రేన్ ఎక్కాలి. కాబట్టి ఈ మూడోది కొత్తగా కట్టే భవనానికే, అదీ పిక్సెల్స్, అంటే బొమ్మలోని చుక్కలు, దూరం దూరంగా ఉన్నా ఫర్వాలేదనుకుంటేనే.

ఎండలో ఏం జరుగుతుంది

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, లెక్కలుంటాయి.

మధ్యాహ్నం ఎండలో ఒక తెల్ల కాగితం పెడితే దాని వెలుగు ఎంతో తెలుసా? సుమారు 25 వేల నిట్లు. మీ ఇంట్లో టీవీ కొన్ని వందల నిట్లు. భవనాలకు అమ్మే పారదర్శక ఎల్‌ఈడీ నాలుగైదు వేల నిట్లు అంటారు. ఐదు వేలే అనుకుందాం. దాన్ని మీరు అద్దం లోపలివైపు పెట్టారు. ఇందాకటి అద్దమే, 45 శాతం దాటనిచ్చేది. ఐదు వేలలో బయటికొచ్చేది ఎంత? 2,250. సగానికి పైగా మీ అద్దమే తినేసింది. డబ్బులు పెట్టి కొన్న వెలుగును లోపలే పారబోసుకున్నట్టు.

కథ అక్కడితో అయిపోలేదు. అద్దం బయటినుంచి ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. మామూలు తేట అద్దం ఒక పలక అయితే 8 శాతం, రెండు పలకలైతే 15 శాతం, ఎండ ఆపే కోటింగ్ ఉంటే ఇంకా ఎక్కువ. ఎదురుగా తెల్లటి ఆకాశం 8 వేల నిట్లు ఉందనుకోండి. అందులో 15 శాతం అంటే 1,200 నిట్లు. తెర ఆపేసినా రోడ్డు మీద నిలబడ్డవాడికి ఆ అద్దం 1,200 నిట్లతో మెరుస్తూనే ఉంటుంది. ఇప్పుడు తెర పెట్టండి. తెలుపు అంటే 2,250, దానికి ఈ 1,200 కలిపితే 3,450. నలుపు అంటే? నలుపంటూ వేరే లేదు, ఆ 1,200లే నలుపు. అంటే తెలుపుకీ నలుపుకీ తేడా మూడు రెట్లు కూడా లేదు. ఇంట్లో టీవీకి అది వేల రెట్లు. మీ మార్కెటింగ్ వాళ్లు లక్షలు పోసి తీయించిన వీడియో మధ్యాహ్నం పూట బూడిద మీద బూడిదలా కనిపించేది ఇందుకే. తెర నాసిరకం అయి కాదు.

అదే తెర అద్దం బయటివైపు ఉంటే? అద్దం తినేది లేదు. ఐదు వేలూ మీవే. ప్రతిబింబాన్ని కూడా మెష్ పట్టీలు కొంత అడ్డుకుంటాయి. తేడా ఆరేడు రెట్లకు పెరుగుతుంది. కానీ బయట పెట్టాక గాలి, వాన, దుమ్ము, పక్షులు, అద్దాలు తుడిచే తొట్టి, అన్నీ లెక్కలోకి వస్తాయి. అద్దాలను పట్టి ఉంచే నిలువు కడ్డీలు, అంటే మలియన్లు, ఆ గాలి భారం మోయగలవా అని స్ట్రక్చరల్ ఇంజినీర్ రాసి ఇవ్వాలి. "అది చాలా తేలిక సార్, ఖాళీలే కదా" అంటారు. ఖాళీలున్నా గాలి పట్టుకుంటుంది. లెక్క కట్టించండి.

ఎవరో చెయ్యెత్తారు... ఉత్తరం వైపు ముఖమైతే? మంచి ప్రశ్న. దిక్కు కంటే ఎదురుగా ఏముందో చూడండి. ఎదురుగా ఇంకో నల్లటి ఎత్తు భవనం ఉంటే మీ అద్దంలో ప్రతిబింబించేది ఆ నలుపు. అప్పుడు నలుపు నలుపుగానే ఉంటుంది, బొమ్మ బ్రహ్మాండంగా నిలబడుతుంది. ఎదురుగా మైదానమో చెరువో ఉంటే ఏ దిక్కైనా ఆకాశమే. ముందు రోడ్డు మీద నిలబడి, మీ అద్దంలో ఏం కనిపిస్తోందో ఒక ఫోటో తీసుకోండి. పైసా ఖర్చు లేని సర్వే అది.

నలుపు గురించి ఇంకొక్క మాట. పారదర్శక తెర నలుపు చూపించలేదు. దీపం ఆరిన చోట మీకు కనిపించేది వెనకున్న గది. పగలైతే దాని మీద ఆకాశపు ప్రతిబింబం, రాత్రైతే ఆఫీసు ట్యూబులైట్లు. రాత్రి ఏడింటికి లోపల అన్ని లైట్లూ వేసి ఉంటే బొమ్మలో నల్ల జుట్టు ఉండాల్సిన చోట ఎవరి టేబులో, ప్రింటరో కనిపిస్తుంది. దీనికి మందు చాలా చవకది. తెర వెనక ముదురు రంగు రోలర్ బ్లైండ్ పెట్టి, చీకటి పడగానే మోటారుతో దింపండి. రాత్రి ఎలాగూ లోపలినుంచి బయటికి చూసేవాళ్లు తక్కువ. ఈ బ్లైండ్ ఎక్కడ కూర్చోవాలో సీలింగ్ డ్రాయింగ్‌లో ముందే చూపించాలి, అంతే. తెర బిగించాక గుర్తొస్తే చోటుండదు.

లోపల కూర్చునేవాళ్ల గురించి

ఇప్పటిదాకా రోడ్డు మీద నిలబడి మాట్లాడుకున్నాం. కొంచెం లోపలికి వెళ్దాం. ఎందుకంటే తెర చూసేవాడు పది సెకన్లు చూసి పోతాడు. తెర వెనకున్నవాడు రోజుకు తొమ్మిది గంటలు అక్కడే ఉంటాడు. నిర్ణయం తీసుకునే మీటింగులో వాళ్లెవరూ ఉండరు, గమనించారా?

మెష్ అనేది కిటికీకి కొట్టిన దోమతెర లాంటిది. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఉన్నట్టే తెలియదు, పక్కనే కూర్చుంటే గళ్లు తప్ప ఇంకేం కనిపించవు. కేటలాగ్‌లో ఉన్న లోపలి ఫోటోలన్నీ గది మధ్యలోనుంచి తీసినవి. అద్దానికి రెండడుగుల దూరంలో టేబుల్ ఉన్నవాడి ఫోటో ఎక్కడా ఉండదు. పట్టీలు అడ్డంగా ఉంటే ఇంకో చిక్కు. ఎదురుగా చూస్తే సన్నగానే ఉంటాయి. కిందికి వంగి రోడ్డు చూడబోతే పట్టీల లోతు అడ్డొచ్చి మూసుకుపోతాయి. కేటలాగ్‌లోని 80 శాతం అన్నది తిన్నగా చూస్తేనే. ఏటవాలుగా చూస్తే ఎంత? రాసి ఇమ్మనండి. 45 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె ఇవ్వలేని కంపెనీతో నేనైతే మాట్లాడను.

ఇంకొకటి ఉంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. లోపలివైపు పెట్టిన ఎల్‌ఈడీలు అద్దం వైపు తిరిగి ఉంటాయి. లోపలివాళ్లకి వాటి వీపే కనిపించాలి. కానీ అద్దం ఆ వెలుగులో పదిహేను శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. రాత్రి తెరను 500 నిట్లకు తగ్గించారనుకోండి, అద్దంలో పుట్టే ప్రతిబింబం డెబ్భై ఐదు నిట్ల దాకా ఉంటుంది. లైట్లు వేసిన ఆఫీసులో అది పెద్దగా తెలియదు. అదే హోటల్ గదైతే? లైటు తీసి పడుకున్న మనిషి ఎదురుగా అద్దంలో తిరగబడిన అక్షరాలు పరుగెడుతుంటాయి. ఎర్రగా, నీలంగా, మళ్లీ ఎర్రగా. పడక గదుల ముందు, ఆస్పత్రి వార్డుల ముందు పారదర్శక తెర పెడదామని ఎవరైనా అంటే ముందు ఆ గదిలో ఆయన్ని ఒక రాత్రి పడుకోమనండి.

సరే, వేడి. దీని మీద కొంచెంసేపు ఆగుతాను.

ఆమధ్య ఒక భవనంలో అద్దాలు పగిలాయి, వచ్చి చూడమన్నారు. ఫిల్మ్ రకం తెర, లోపలివైపు అంటించింది. వేసవిలో ఏమీ కాలేదు. చలికాలం ఉదయం, ఆకాశం తేటగా ఉన్న రోజు, రెండు పలకలు పగిలాయి. "రాయి కొట్టి ఉంటారు" అని అమ్మినవాళ్లు, "అద్దం నాసిరకం" అని ఇంకొకరు. పగులు చూస్తే చాలు, తెలిసిపోతుంది. రాయి తగిలితే తగిలిన చోటునుంచి చుట్టూ విచ్చుకుంటుంది. ఇక్కడ పగులు ఫ్రేము అంచు దగ్గర మొదలైంది. అంచుకు సరిగ్గా నిట్టనిలువుగా, తొంభై డిగ్రీల్లో రెండంగుళాలు లోపలికొచ్చి, ఆ తర్వాత వంకరలు తిరిగింది. అది వేడి పగులు. దాని సంతకం అదే.

ఎలా వచ్చింది? ఫిల్మ్‌లోని రాగి తీగలు, ఎల్‌ఈడీలు, జిగురు, ఇవన్నీ ఎండను పీల్చుకుంటాయి. తెర వెలుగుతుంటే దాని సొంత వేడి వేరే. అద్దం మధ్యభాగం వేడెక్కి వ్యాకోచించాలని చూస్తుంది. ఫ్రేములో దాక్కున్న అంచు రాత్రి చలికి ఇంకా చల్లగానే ఉంటుంది. మధ్యభాగం లాగుతుంది, అంచు రాదు. ఎనీల్డ్, అంటే వేడితో బలపరచని మామూలు అద్దం మధ్యకూ అంచుకూ నలభై డిగ్రీల తేడా వస్తే ప్రమాదంలో పడుతుంది. టఫెన్డ్, అంటే వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి బలపరిచిన అద్దం రెండు వందల డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. హీట్ స్ట్రెంథెన్డ్, అంటే అంతకంటే తక్కువ బలపరిచినది, ఆ మధ్యలో ఉంటుంది. అందుకే అన్నాను, ముందు మీ భవనంలో ఉన్న అద్దం ఏదో తెలుసుకోండి. పాత డ్రాయింగులు దొరక్కపోతే పలక మూలన ముద్ర ఉందేమో చూడండి, టఫెన్డ్ అయితే సాధారణంగా ఉంటుంది. ఎనీల్డ్ అని తేలితే, దాని మీద ఫిల్మ్ అంటించే ముందు థర్మల్ స్ట్రెస్ లెక్క చేయించండి. అద్దం కంపెనీకి లెటర్ రాసి, ఫిల్మ్ వేస్తే వారంటీ ఉంటుందా పోతుందా అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాట వద్దు.

ఇంకో వేడి ఏసీ మీద పడేది. 200 చదరపు మీటర్ల తెర, చదరపు మీటరుకు గరిష్ఠంగా 600 వాట్లు అనుకుందాం. మొత్తం 120 కిలోవాట్లు. మామూలు వీడియోకి సగటున ముప్ఫై శాతమే వాడుతుంది, అంటే 36 కిలోవాట్లు. తెర లోపలివైపు ఉంటే ఇందులో దాదాపు అంతా గదిలోకే. మూడున్నర కిలోవాట్లకు ఒక టన్ను చొప్పున పది టన్నుల ఏసీ భారం. ఏసీ డిజైన్ చేసినాయనకి ఈ సంగతి చెప్పారా? ఇక్కడ ఏసీ ఇంజినీర్లు ఎవరైనా ఉన్నారా... ఉన్నారు. నవ్వుతున్నారు. చెప్పి ఉండరు.

పిక్సెల్ పిచ్ మోజు

ఇప్పుడు పిచ్. రెండు పిక్సెల్స్ మధ్య దూరం. ఎంత తక్కువైతే అంత మంచిదని అందరి నమ్మకం. ఫోన్లు చూసి చూసి అలా అలవాటైంది.

మామూలు కంటిచూపు ఉన్న మనిషికి ఒక మిల్లీమీటరు ఎడంలో ఉన్న రెండు చుక్కలు సుమారు మూడున్నర మీటర్ల దూరం దాటితే ఒకటిగా కలిసిపోతాయి. పది మిల్లీమీటర్ల పిచ్ అయితే 35 మీటర్ల దగ్గర పూర్తిగా నునుపు. అందులో మూడో వంతు దూరానికి వచ్చినా బొమ్మ అర్థమవుతుంది, చుక్కలు తెలుస్తాయంతే. మీ భవనాన్ని జనం ఎక్కడినుంచి చూస్తారు? అవతలి ఫుట్‌పాత్ నుంచా, ఫ్లైఓవర్ మీదనుంచా, కిలోమీటరు దూరంనుంచా? లాస్ వేగస్‌లో స్ఫియర్ ఉంది కదా, 2023లో మొదలైంది. అది పారదర్శకం కాదు, కానీ పిచ్ గురించి అంతకంటే మంచి పాఠం లేదు. దాని బయటి దీపాల మధ్య ఎడం ఎనిమిది అంగుళాలు. మిల్లీమీటర్లు కాదు, అంగుళాలు! ప్రపంచమంతా ఆ వీడియోలు చూసింది, ఎవరికైనా చుక్కలు కనిపించాయా? ఇంకా పాతది, ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో కున్స్ట్‌హౌస్ మ్యూజియం. 2003లో దాని పారదర్శక యాక్రిలిక్ చర్మం కింద 930 గుండ్రటి ఫ్లోరోసెంట్ దీపాలు పెట్టారు. మొత్తం భవనానికి తొమ్మిది వందల ముప్ఫై పిక్సెల్స్, అదీ రంగుల్లేకుండా. ఇప్పటికీ ఆర్కిటెక్చర్ క్లాసుల్లో దాన్నే చూపిస్తారు.

ఎందుకు చెప్తున్నానంటే, పిచ్ సగం చేస్తే ఎల్‌ఈడీలు రెండింతలు కావు, నాలుగింతలవుతాయి. 20 మీటర్లు బై 10 మీటర్ల గోడకు 20 మిల్లీమీటర్ల పిచ్ అయితే ఐదు లక్షల పిక్సెల్స్. 10 మిల్లీమీటర్లు చేస్తే ఇరవై లక్షలు. ఖర్చు పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, పాడయ్యేవి పెరుగుతాయి. అన్నిటికంటే ముందు, పారదర్శకత పోతుంది. ఏ పారదర్శకత కోసం ఇదంతా మొదలుపెట్టామో అదే పోతుంది! ఒక ఎలివేషన్ అంతటికీ ఒకే పిచ్ ఉండాలని కూడా లేదు. కింది రెండు అంతస్తులు నడిచేవాళ్లకి దగ్గర, అక్కడ దట్టంగా పెట్టండి. పైన పలచగా. అమ్మేవాళ్లు ఇది తమంతట తాము చెప్పరు, రెండు రకాలు స్టాకు పెట్టుకోవడం వాళ్లకి ఇబ్బంది.

రాత్రి సంగతి చెప్పి మాకప్‌కి, అంటే మీ భవనంలోనే చిన్న ముక్క పెట్టి చూసే పరీక్షకి వెళ్తాను. పగలు ఐదు వేల నిట్లు, రాత్రి మూడు వందలకు దించాలి. దించకపోతే ఎదురింటివాళ్లు ఊరుకోరు, డ్రైవర్లకు కళ్లు చెదురుతాయి, చాలా నగరాల్లో రాత్రి వెలుగుకి హద్దులు కూడా ఉన్నాయి. మూడు వందలంటే గరిష్ఠంలో ఆరు శాతం. చవక కంట్రోలర్ ఈ తగ్గింపు ఎలా చేస్తుంది? దీపం వెలిగే సమయాన్ని కత్తిరిస్తుంది. రంగుల ఛాయలు చూపించేదీ ఆ సమయంతోనే. అది పదహారో వంతుకు పడితే ఛాయలూ పదహారో వంతుకు పడతాయి. ముఖం మీద నీడ, పొగమంచు, సాయంకాలపు ఆకాశం, ఇవన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. డెమో ఎప్పుడూ పూర్తి వెలుగులో చూపిస్తారు. మీరు ఆరు శాతంలో చూపించమనండి. ఫోన్ తీసి వీడియో కూడా తీయండి. రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మళ్లీ వస్తుందో ఆ లెక్క, తక్కువైతే నల్ల గీతలు పాకుతాయి. జనం మీ తెరను కంటితో కంటే ఫోన్లోనే ఎక్కువ చూస్తారు.

మాకప్. దయచేసి దీన్ని వదలకండి. బడ్జెట్ కోసేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఇదే. వాళ్ల షోరూమ్‌లో డెమో మాకప్ కాదు. మీ భవనంలో, మీ అద్దానికి, ఒక పూర్తి గడి. మధ్యాహ్నం, సాయంత్రం, చీకటి పడ్డాక లోపల లైట్లతో ఒకసారి, లైట్లు తీసి ఒకసారి చూడండి. బయట సగం మంది, లోపల సగం మంది నిలబడండి. తర్వాత చోట్లు మార్చుకోండి. ఆ కిటికీ పక్కన రోజూ కూర్చునేవాళ్లని పిలిచి కూర్చోబెట్టండి. వీడియోలు రెండు రకాలు పెట్టించండి: తెల్లటి నేపథ్యం ఉన్నది ఒకటి, నల్లటి నేపథ్యం మీద వస్తువు తేలేది ఒకటి. మొదటిది వేయగానే పారదర్శకత మాయమై తెల్లటి గోడ మిగులుతుంది, కరెంటు మీటర్ కూడా పరుగెడుతుంది. కంటెంట్ తీసేవాళ్లని కూడా ఆ పూట రమ్మనండి. టీవీ ప్రకటన తెచ్చి ఇక్కడ వేస్తే ఎందుకు నడవదో చూస్తేనే వాళ్లకి అర్థమవుతుంది.

అదే మాకప్‌లో ఒక మాడ్యూల్, అంటే తెరలో విడిగా ఊడొచ్చే ముక్క, విప్పి మళ్లీ బిగించమనండి. ఎవరు చేస్తారు, ఎంతసేపు, ఎవరి టేబుల్ జరపాలి? తెరకీ అద్దానికీ మధ్య చెయ్యి పట్టే సందు ఉందా, లోపలి దుమ్ము తుడవాలంటే ఎలా? ఒక తీగ తెగితే వరుస మొత్తం ఆరిపోతుందా, రెండో వైపునుంచి డేటా అందుతుందా? తెగ్గొట్టి చూపించమనండి, మొహమాటం వద్దు. విడి మాడ్యూళ్లు మొదటి ఆర్డర్‌లోనే, అదే బ్యాచ్‌వి తీసుకోండి. మూడేళ్ల తర్వాత కొంటే రంగు కలవదు, గోడ మీద అతుకులు కనిపిస్తాయి. మెష్ ఒక అంతస్తునుంచి ఇంకో అంతస్తుకి దిగుతుంటే స్లాబు అంచు దగ్గర పొగ ఆపే సీల్ తెగిపోకుండా ఫైర్ కన్సల్టెంట్ చూడాలి. అది చర్చించే విషయం కాదు, చేయాల్సిందే.

ప్రశ్నలకి సమయం ఉంది. రెండు చీటీలు వచ్చాయి.

మొదటిది: "మాది పాత భవనం, ముదురు నీలం రిఫ్లెక్టివ్ అద్దం, వెలుతురు 20 శాతమే దాటుతుంది. ఏం పెట్టాలి?" లోపలివైపు ఏదీ పెట్టకండి. ఐదు వేల నిట్ల తెర పెడితే బయటికొచ్చేది వెయ్యి, అదీ నీలంగా. బయట మెష్ వేయొచ్చు, మలియన్లు మోస్తాయంటే. మోయవంటే మలియన్ల వెంబడి నిలువు ఎల్‌ఈడీ గీతలు పెట్టుకోండి. వీడియో రాదు, కదిలే రంగులు, పెద్ద ఆకారాలు వస్తాయి. అద్దానికి అడ్డం ఉండదు, లోపలివాళ్లకి ఏమీ తెలియదు. నాకైతే చాలా భవనాలకి అదే చాలనిపిస్తుంది. అన్ని భవనాలూ ప్రకటనలు చూపించనక్కర్లేదు.

రెండోది: "ఫిల్మ్ ఐదేళ్ల తర్వాత తీసేయాలంటే అద్దం పాడవుతుందా?" జిగురు మీదా, అద్దం మీదా ఆధారపడి ఉంటుంది. చాలా డబుల్ గ్లేజింగుల్లో కోటింగ్ రెండు పలకల మధ్య ఉంటుంది, దానికి జిగురు తగలదు. కొన్ని అద్దాలకి మాత్రం గది వైపు ముఖం మీదే గట్టి కోటింగ్ ఉంటుంది, అక్కడ జాగ్రత్త. నా సలహా, మాకప్ అయిపోయాక ఆ ఫిల్మ్‌ని మీ ముందే వాళ్లతో పీకించండి. ఎంతసేపు పట్టిందో, ఏ రసాయనం వాడారో, అద్దం మీద ఏం మిగిలిందో రాసుకుని ఫోటోలు తీయండి. ఆ కాగితం కాంట్రాక్టుకి జత చేసి, తీసే ఖర్చు ఎవరిదో అక్కడే రాయించండి.